గ్రీన్ టీ విషయంలో నాలుక ఎంతవరకు ప్రమాణం?

మన సంఘం మిత్రుల్లో జపాన్ గ్రీన్ టీ మీద రెండు పార్టీలున్నాయి. ఒక పార్టీ వారు 70 డిగ్రీల నీళ్ళు, ఒక్క నిమిషం అన్న మాటను వేదవాక్కులా పట్టుకున్నారు. రెండో పార్టీ వారు "అదంతా చాదస్తమండీ, మరిగే నీళ్ళు పోసి తాగెయ్యండి" అంటారు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

ముందు చాదస్తం అనేవారి సంగతి చూద్దాం. సెంచా అనే మామూలు రకం ఆకును కోసిన వెంటనే ఆవిరి పడతారు. దాంతో ఆకులోని ఎంజైములు పనిచేయడం మానేస్తాయి, ఆకు నల్లబడకుండా పచ్చగా ఉంటుంది. ఆ ఆకు నుంచి నీళ్ళలోకి దిగే వాటిలో రుచికి ముఖ్యమైనవి మూడు. వగరూ చేదూ ఇచ్చే కాటెకిన్లు, చేదు ఇచ్చే కెఫీన్, తీపి కలిసిన కమ్మదనాన్నిచ్చే థియనిన్ వంటి అమైనో ఆమ్లాలు. ఈ మూడోది గోరువెచ్చని నీళ్ళలో కూడా బాగానే దిగుతుంది. మొదటి రెండూ వేడి పెరిగేకొద్దీ ఎక్కువ దిగుతాయి. 70 డిగ్రీల వెనక ఉన్న రహస్యం ఇంతే. గ్యోకురో అనే ఖరీదైన రకాన్ని కోతకు ముందు దాదాపు మూడు వారాలు నీడలో ఉంచుతారు. ఎండ తగలకపోతే థియనిన్ కాటెకిన్లుగా మారడం తగ్గుతుంది. దానికి 50, 60 డిగ్రీల నీళ్ళే చాలంటారు. వేయించిన ఆకు హోజిచాకైతే మరిగే నీళ్ళే పోస్తారు. ఉత్త చాదస్తమే అయితే అన్నింటికీ ఒకే మంత్రం ఉండేది కదా!

ఇక వేదవాక్కు పార్టీ. కప్పులోకి ఏది ఎంత దిగుతుందో రసాయనశాస్త్రం చెబుతుంది. అందులో నాకేది నచ్చాలో అది చెప్పదు. టీ కాయడానికి ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణమే ఒకటుంది, 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, మరిగే నీళ్ళు, 6 నిమిషాలు. ఆ లెక్కన సెంచా కాస్తే మొహం చిట్లించాల్సిందే. ఎందుకంటే అది శాంపిళ్ళను ఒకదానితో ఒకటి పోల్చి చూడడానికి పెట్టిన పద్ధతి, ఇష్టంగా తాగడానికి పెట్టింది కాదు. ముప్ఫై ఏళ్ళు రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి, ఈ తేడా నాకు కొత్త కాదు. అన్ని యూనిట్లకూ ఒకే ఫారం ఇచ్చేది ఖర్చులు పోల్చడానికే, అందరూ ఒకేలా ఖర్చు పెట్టమని కాదు.

మరి మన రుచి మనం కనుక్కోవడం ఎలా? ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నేను 150 మిల్లీలీటర్లకు 3 గ్రాముల ఆకు స్థిరంగా ఉంచాను. చెంచా కొలత నమ్మను, సన్నాకు ఒక తూకం, ముతకాకు ఒక తూకం. నీళ్ళు ఫిల్టరువి, ఎందుకంటే బోరు నీళ్ళ కాఠిన్యం రుచిని చంపేస్తుంది. థర్మామీటరు లేనివారు మరిగిన నీళ్ళను గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోస్తే ఒక్కో మార్పుకు సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది.

తర్వాతది మనవాళ్ళు తరచు మరిచిపోయే పని. గణాంకవేత్త ఫిషర్ 1935లో తన పుస్తకంలో రాసిన టీ పరీక్ష చాలామందికి తెలిసిందే. 8 కప్పులు, ఒక రకానివి 4, రెండో రకానివి 4. అన్నీ గుడ్డిగా సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి. మా ఆవిడ చేత 70 డిగ్రీలవి నాలుగు, 80 డిగ్రీలవి నాలుగు చిన్న కప్పుల్లో పోయించాను. రంగు పట్టివ్వకుండా నేను కళ్ళు మూసుకున్నాను, వేడి పట్టివ్వకుండా అన్నీ సమానంగా చల్లారాకే రుచి చూశాను. ఎనిమిదీ సరిగ్గా చెప్పాను. నాకు నచ్చింది 80! 70 దగ్గర ఆ గొప్ప కమ్మదనం నాకు ఆకుకూర ఉడికించిన నీళ్ళలా తోచింది. తర్వాత 45 సెకన్లకూ 60 సెకన్లకూ తేడా చెప్పబోతే సగం తప్పు. అప్పటి నుంచి గడియారం చూడడం మానేశాను.

ఇంతవరకు నా నాలుకే నాకు ప్రమాణం, ఏ జపాన్ గురువు శబ్ద ప్రమాణమూ అక్కర్లేదు. ఒంటికి ఏం చేస్తుందన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం నాలుకకు ఏ అధికారమూ లేదు, అమ్మేవాడికి అసలే లేదు. 1211లోనే ఎయిసాయి అనే బౌద్ధ సన్యాసి టీని దివ్యౌషధమని పొగుడుతూ పుస్తకం రాశాడు. ఇవాళ్టి డబ్బాల మీద రాతలు అంతకంటే పెద్దగా ఎదగలేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2005లో ఆధారాలు పరిశీలించి, గ్రీన్ టీ రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్ల ముప్పు తగ్గించే అవకాశం చాలా తక్కువని తేల్చింది. కాచుకుని తాగే టీ సాధారణంగా సురక్షితమేనని, మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ అనే కాటెకిన్ మింగితే కాలేయానికి ఇబ్బంది రావచ్చునని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది.

మనకు ఇంకా దగ్గరి సంగతి ఇనుము. శాకాహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీలోని ఈ కాటెకిన్ల జాతి పదార్థాలే అడ్డుపడతాయి. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో "భోజనం కాగానే ఒక కప్పు" అని సలహా ఇవ్వడం చిన్న తప్పేం కాదు. మా కాలనీలో రక్తహీనతకు ఇనుము మాత్రలు వాడుతున్న ఒకావిడకు సరిగ్గా ఇదే సలహా ఇచ్చి మూడు డబ్బాలు అంటగట్టాడు ఒక దుకాణదారు. మూడు నెలలు రెండుపూటలా తాగింది. విషయం తెలిసి డాక్టరు కేకలేశారు. టీ మానక్కర్లేదని, తిండికీ మాత్రకీ దూరంగా తాగమని చెప్పారు.

ఇప్పుడావిడ సాయంత్రం నాలుగింటికి తాగుతుంది, అదీ మరిగే నీళ్ళు పోసి, అయిదు నిమిషాలు ఉంచి. చేదుగా ఉంటే తప్ప టీ తాగినట్టుండదట.