గమ్మున కూర్చుంటే నయమైనట్టేనా?

"మావోడు ఇప్పుడు గమ్మున కూర్చుంటాండాడు, మందు బాగా పట్టింది." తిరుపతి దగ్గరి వడమాలపేట చుట్టుపక్కల స్కిజోఫ్రీనియా ఉన్న బిడ్డను సాకే ఇళ్లలో ఈ మాట ఊరటగా చెప్పుకుంటారు. డాక్టర్లలోనూ కొందరికి కొలత ఇదే. గలాటా తగ్గిందంటే మందు పనిచేసినట్టు. ఈ కొలతే తప్పంటాను.

ఆ పిల్లవాణ్ణి దగ్గరగా చూడండి. నడుస్తుంటే చేతులు ఊగవు. చొక్కా గుండీ కాజాలో దూర్చడానికి వేళ్లు తడబడతాయి. పెదవి చివర చొంగ. మొహంలో నవ్వూ ఉండదు, ఏడుపూ ఉండదు. ఇంకొకడు ఒకచోట కూర్చోలేక వసారాలో తిరుగుతూనే ఉంటాడు. జబ్బు ముదిరిందనుకుని మోతాదు పెంచుతారు. చాలాసార్లు ఆ తిప్పలు పెడుతున్నది మందే. మందు చేసిన హానిని జబ్బు ఖాతాలో రాయడం అన్యాయం.

ఈ జబ్బుకిచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు మెదడులోని డోపమైన్‌ను అడ్డుకుంటాయి కాబట్టి ఒళ్లు బిగుస్తుంది, ఆపితే అదే పోతుంది అంటారు. డోపమైన్ మాట నిజమే, కానీ కథ అక్కడితో ఆగదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న విజయలక్ష్మీ రవీంద్రనాథ్ బృందం చిట్టెలుకల మీద చేసిన పరిశోధనను 2001లో ప్రచురించింది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో కాంప్లెక్స్-1 అనే భాగాన్ని ఒక్క మోతాదు హాలోపెరిడాల్ కూడా దెబ్బతీసింది. ఎక్కువ రోజులు ఇస్తే, కదలికలను నడిపించే మధ్యమెదడులోనూ ఆ నష్టం కనిపించింది. ఇదే జబ్బుకు వాడే క్లోజపైన్, రిస్పెరిడోన్ మెదడులో వేరే చోట్ల నష్టం చేసినా మధ్యమెదడు జోలికి పోలేదు. పార్కిన్సన్స్ రోగుల మెదడులోనూ ఇదే కాంప్లెక్స్-1 లోపం బయటపడింది. చిట్టెలుకల్లో తేలిందంతా మనిషికి అచ్చంగా వర్తిస్తుందని నేననను. కానీ మూతి, నాలుక వాటంతటవే కదిలే టార్డివ్ డిస్కైనీసియా మందు ఆపాక కూడా ఏళ్ల తరబడి ఉండిపోగలదన్నది డాక్టర్లందరికీ తెలిసిందే. మరి 'ఆపితే పోతుంది' అని ఎలా చెబుతారు?

మందు మానేయమని నేను చెప్పడం లేదు. ఉన్నపళాన మానేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మోతాదు తగ్గించాలా, మందు మార్చాలా అన్నది డాక్టరే తేల్చాలి. అయితే తేల్చాలంటే ముందు చూడాలి కదా! నాలుక చాపించి, వేళ్లు ఆడించమని చెప్పి, నాలుగడుగులు నడిపించి చూసే ఎయిమ్స్ (AIMS) అనే కదలికల పరీక్ష 1976 నుంచీ ఉంది. పది నిమిషాల పని, యంత్రాలేవీ అక్కర్లేదు. అది చేయకుండా ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర రాసి పంపేస్తే వణుకు తగ్గొచ్చేమో గానీ, టార్డివ్ కదలికలు ఎక్కువయ్యే ప్రమాదముంది.

మందుల దుష్ఫలితాలు తెలుసుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే రోగికి ఇచ్చింది. నెలనెలా బస్సెక్కి తిరుపతికి పోయే తల్లి చేతిలో పెట్టే చీటీ మీద మోతాదుతో పాటు ఆ పరీక్షలో ఏం తేలిందో కూడా రాసివ్వాలి.