టవర్ పైకి కాదు, టవర్ కిందికి చూద్దాం



మొన్న తొమ్మిదో తరగతి పిల్లలకు 'కామఫ్లాజ్' అనే ఇంగ్లిష్ మాట చెబుతున్నాను. ఊసరవెల్లి, ఆకులో కలిసిపోయే మిడత, సైనికుల యూనిఫాం... ఒక్కొక్కరు ఒక్కో ఉదాహరణ ఇస్తున్నారు. చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మిస్, మా పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో సెల్ టవర్ కూడా వేషం వేసుకుంటుంది. పైన్ చెట్టులా ఉంటుంది" అంది. క్లాసంతా నవ్వింది. ఆ పెద్దమ్మ గారు ఉండేది అమెరికాలో, అట్లాంటా పక్కన. నవ్వులు ఆగాక అదే అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. "మరి మన స్కూల్ రోడ్డులో టవర్‌కి ఎవరూ ఎందుకు వేషం వేయలేదు మిస్?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తరువాత చదివి తెలుసుకున్నది, మా అపార్ట్‌మెంట్‌లో కళ్ళారా చూసింది కలిపి మీకు రాస్తున్నాను. ఎందుకంటే మీలో చాలామంది సొంత ఫ్లాట్ ఉన్నవారు, అసోసియేషన్ మీటింగుల్లో చెయ్యెత్తి ఓటు వేసేవారు. ఈ విషయంలో మీ చేతిలో ఉన్నంత అధికారం మరెవరి చేతిలోనూ లేదని నా అభిప్రాయం.

ముందు ఆ చెట్టు వేషం సంగతి చూద్దాం. అమెరికాలో ఏ స్థలంలో ఏం కట్టవచ్చో ఊరి పాలక మండలి నిర్ణయిస్తుంది. దాన్నే జోనింగ్ అంటారు. 1996లో వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం సెల్ టవర్ల విషయంలోనూ ఆ అధికారాన్ని ఊళ్ళకే ఉంచింది, కానీ కొన్ని హద్దులు గీసింది. కాదంటే ఆ మాట రాతపూర్వకంగా చెప్పాలి, దానికి తగిన ఆధారం ఉండాలి. టవర్ తరంగాలు కేంద్ర ప్రభుత్వ పరిమితుల లోపల ఉంటే, వాటి ప్రభావాన్ని కారణంగా చూపి ఊరు టవర్‌ని ఆపకూడదు. అందుకే అక్కడి నిబంధనల్లో ఎత్తు ఎంత, ఇళ్ళకు ఎంత దూరం, కంచె ఎలా ఉండాలి, చుట్టూ ఏ మొక్కలు నాటాలి అనే మాటలు ఎక్కువగా కనిపిస్తాయి. చాలా ఊళ్ళు చలికాలంలో ఆకు రాలని మొక్కలే నాటమంటాయి. ఉన్న చెట్లు కొట్టకూడదని, ఎండిపోయిన మొక్క స్థానంలో కొత్తది పెట్టాలని కూడా రాస్తాయి.

అట్లాంటాకు ఉత్తరాన రాస్‌వెల్ అనే పట్టణం ఉంది. అక్కడికి దగ్గర్లోనే ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్ లాంటి చోట్ల మనవాళ్ళు చాలామంది స్థిరపడ్డారు. 2010లో టీ-మొబైల్ సంస్థ రాస్‌వెల్‌లో ఇళ్ళ మధ్య ఉన్న 2.8 ఎకరాల ఖాళీ స్థలంలో 108 అడుగుల టవర్ పెడతామని దరఖాస్తు చేసింది. అది మామూలు స్తంభం కాదు, కొమ్మలతో పైన్ చెట్టులా కనిపించే టవర్. పట్టణ ప్రణాళికా విభాగం పరిశీలించి, మూడు షరతులతో అనుమతి ఇవ్వవచ్చని చెప్పింది. టవర్‌ని ఆ స్థలంలోనే వేరే చోటికి జరపాలి. ఇనుప వల కంచె బదులు చెక్క కంచె వేయాలి. చుట్టూ పైన్ మొక్కలు నాటాలి. కంపెనీ ఒప్పుకోవడానికి సిద్ధంగానే ఉంది.

కానీ ఏప్రిల్‌లో జరిగిన బహిరంగ విచారణలో కౌన్సిల్ కాదంది. మరీ ఎత్తుగా ఉందని, పరిసరాలకు నప్పదని, చుట్టుపక్కల ఇళ్ళ ధర పడిపోతుందని సభ్యులు మాట్లాడారు. కంపెనీ కోర్టుకు వెళ్ళింది. కేసు సుప్రీంకోర్టు దాకా నడిచి, 2015 జనవరిలో తీర్పు వచ్చింది. కాదనడానికి కారణాలు రాతలో ఉండాలి, అవి తిరస్కరణ లేఖలోనే ఉండనక్కర్లేదు గానీ ఇంచుమించు అదే సమయానికి అందాలి అని కోర్టు చెప్పింది. రాస్‌వెల్ తన కారణాలున్న సమావేశపు మినిట్స్‌ని లేఖ పంపిన 26 రోజుల తరువాత గానీ బయటపెట్టలేదు. అంటే ఆ పట్టణం ఓడిపోయింది చెట్ల దగ్గర కాదు, కాగితం దగ్గర.

ఈ కథలో నాకు రెండు విషయాలు నచ్చాయి. ఒకటి, ఆ మూడు షరతులు. చిన్నవి, స్పష్టమైనవి, ఎవరైనా వెళ్ళి కళ్ళతో సరిచూడగలిగినవి. రెండు, నోటి మాటకు విలువ లేదు, సమయానికి రాసిన మాటకే విలువ అన్న పాఠం. నచ్చనిది కూడా ఒకటి ఉంది. ఆ చెట్టు వేషం. దూరం నుంచి చూసే కంటికి టవర్ కనబడకుండా చేయడమే దాని పని. మన పిల్లలు టవర్ కొన దగ్గర ఉండరు కదా, మొదట్లో ఉంటారు. కంచె, గేటు, జనరేటర్, డీజిల్, కేబుళ్ళు అన్నీ ఉండేది అక్కడే.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ సంగతి. నేను మూడో అంతస్తులో అద్దెకు ఉంటాను. రెండేళ్ళ క్రితం మా మేడ మీద టవర్ పెట్టారు. దాని అద్దె అసోసియేషన్‌కి వస్తుంది కాబట్టి నెల మెయింటెనెన్స్ కొంత తగ్గింది. సిగ్నల్ బాగుపడింది. నేనూ సంతోషించాను, ఆ మాట దాచను. జనరేటర్‌ని మాత్రం కింద, ర్యాంప్ పక్కన, వాచ్‌మన్ గది కిటికీకి ఎదురుగా దించారు. "చుట్టూ గ్రీనరీ పెట్టిస్తాం" అని చెప్పి పన్నెండు కుండీలు వరుసగా పెట్టారు. ఏప్రిల్ దాటేసరికి పన్నెండూ ఎండిపోయాయి. నీళ్ళు పోయాల్సింది కంపెనీ వాళ్ళా, అసోసియేషనా, వాచ్‌మనా అన్నది ఎవరికీ తెలియదు.

వాచ్‌మన్ గారి అమ్మాయి ఆరో తరగతి చదువుతోంది. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ మొదలవుతుంది. ఆ పాప పుస్తకాలు చంకలో పెట్టుకుని మెట్లెక్కి మా అంతస్తుకి వస్తుంది. ఎమర్జెన్సీ లైటు కింద మెట్ల మీద కూర్చుంటుంది. "ఇక్కడైతే నా చదువు నాకు వినబడుతుంది టీచర్" అందొకసారి. పరీక్షల రోజుల్లో కూడా అంతే.

నేను సెక్రటరీ గారిని అడిగాను. ఆయన మంచివారే. అగ్రిమెంట్ తీసి చూపించారు. అద్దె ఎంత, ఏటా ఎంత పెరగాలి, ఏ తేదీకి జమ కావాలి అన్నీ వివరంగా ఉన్నాయి. జనరేటర్ ఎక్కడ ఉండాలో లేదు. మొక్కల మాటే లేదు. "రాసుకోలేదమ్మా, ఇప్పుడు గట్టిగా ఏమని అడుగుతాం?" అన్నారు. ఆ అగ్రిమెంట్ పదేళ్ళది. అది ముగిసేసరికి ఆ పాప ఇంటర్ కూడా అయిపోతుంది.

ఒప్పందం మీద సంతకాలు పెట్టిన మీటింగుకి ఓనర్లు మాత్రమే వెళ్ళారు. అద్దెకున్నవాళ్ళం లేము, వాచ్‌మన్ కుటుంబం లేదు. వచ్చే డబ్బు అందరి మెయింటెనెన్స్‌లో సర్దుకుంది, వచ్చే చప్పుడు మాత్రం ఒక్క గదిలోకే వెళ్ళింది. ఎవరూ కావాలని చేసింది కాదు. అడిగేవాళ్ళు ఆ గదిలో లేరు, అంతే.

రాస్‌వెల్‌లో ఊరి పాలక మండలి చేసిన పని మన దగ్గర ఎవరు చేస్తారు? ప్రైవేటు భవనం మీద టవర్ అయితే, దాదాపు ఎవరూ చేయరు. 2022 ఆగస్టులో సవరించిన కేంద్ర రైట్ ఆఫ్ వే నిబంధనల ప్రకారం, ప్రైవేటు స్థలంలో టవర్ పెట్టడానికి స్థానిక సంస్థ అనుమతి అక్కర్లేకపోయింది. ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, భవనం ఆ బరువు మోయగలదని స్ట్రక్చరల్ ఇంజనీర్ ఇచ్చిన ధ్రువపత్రం జతచేయాల్సి ఉండేది. తరువాత వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కూడా ప్రైవేటు స్థలం విషయంలో యజమానితో ఒప్పందానికే చోటిచ్చింది. నెట్‌వర్క్ త్వరగా విస్తరించాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ దాని అర్థం ఒకటుంది. కంచె గురించి, మొక్కల గురించి, చప్పుడు గురించి షరతు పెట్టగల చివరి మనిషి ఆ ఒప్పందం మీద సంతకం పెట్టే యజమాని. అంటే, మీరు.

అందుకే నా మనవి ఇది. మీ అపార్ట్‌మెంట్‌కి గానీ, మీ స్థలానికి గానీ టవర్ ప్రతిపాదన వస్తే, అద్దె మాట్లాడే ముందు ఈ విషయాలు కాగితం మీద పెట్టించండి.

మొదటిది జనరేటర్ స్థానం. ఇది మొక్కలతో తీరే సమస్య కాదు. మొక్కల కంచె చూపును ఆపుతుంది గానీ శబ్దాన్ని పెద్దగా ఆపదు. మన నిబంధనల ప్రకారం డీజిల్ జనరేటర్‌కి శబ్దం తగ్గించే పెట్టె ఉండాలి, దానికి ఒక మీటరు దూరంలో శబ్దం 75 డెసిబెల్స్ దాటకూడదు. నివాస ప్రాంతాల్లో మొత్తం శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 45. ఆ రెండు అంకెల మధ్య తేడాని తగ్గించేది దూరం, గోడ. కాబట్టి ఎవరి కిటికీకీ ఎదురుగా జనరేటర్ ఉండకూడదని ప్లాన్ గీయించి, ఆ ప్లాన్‌ని ఒప్పందానికి జతచేయించండి.

రెండోది కంచె. పిల్లాడు బంతి కోసం దూరలేని కంచె, ఎప్పుడూ తాళం ఉండే గేటు, బయట కనబడేలా కంపెనీ ఫోన్ నంబరు ఉన్న బోర్డు. మేడ మీద టవర్ అయితే మేడ తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాయాలి.

మూడోది మొక్కలు. నేల మీద స్థలం ఉంటే గోరింట లాంటివి కంచెగా ఒత్తుగా పెరుగుతాయి, వాటికి కాస్త ఎడంగా కానుగ, వేప నాటవచ్చు. వేళ్ళు పునాదిలోకి, కేబుళ్ళలోకి పోకుండా దూరం పాటించాలి. జనరేటర్‌కి గాలి ఆడే దారి మూయకూడదు. మేడ మీద అయితే కుండీలు, మట్టి, నీళ్ళ బరువు కూడా ఇంజనీర్ లెక్కలో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, నీళ్ళు ఎవరు పోయాలి, మొక్క చనిపోతే ఎన్ని రోజుల్లో కొత్తది పెట్టాలి అన్న రెండు వాక్యాలు. మా పన్నెండు కుండీలకు లేనివి ఆ రెండు వాక్యాలే.

నాలుగోది, ఇంజనీర్ ధ్రువపత్రం కాపీ నోటీసు బోర్డులో ఉండాలి. ఒప్పందం ముగిశాక టవర్‌ని తీసేసి, స్లాబ్‌కి వేసిన రంధ్రాలు పూడ్చి ఇవ్వాల్సింది ఎవరో కూడా ముందే తేల్చుకోవాలి.

ఐదోది కాగితం మీద కాదు, మీటింగులో. అద్దెకున్నవారిని, వాచ్‌మన్ కుటుంబాన్ని కూడా పిలవండి. ఓటు ఇవ్వకపోయినా మాట ఇవ్వండి. జనరేటర్ ఎక్కడ పెట్టకూడదో వాళ్ళు ఒక్క నిమిషంలో చెప్పగలరు.

"ఇన్ని అడిగితే కంపెనీ పక్క బిల్డింగ్‌కి పోతుంది కదా" అని మీరనవచ్చు. పోవచ్చు. అందుకే కాలనీలోని అసోసియేషన్లన్నీ కలిసి ఒకే షరతుల పత్రం పెట్టుకుంటే మేలు. పైగా ఇవి టవర్ వద్దనే షరతులు కావు. హాజరు మెసేజ్ నుంచి హోంవర్క్ దాకా మన స్కూలు మీకు పంపేవన్నీ ఆ టవర్ల మీదుగానే వస్తాయి. టవర్ కావాలి, దాని పక్కన బతికేవాళ్ళ సంగతీ చూడాలి అనడంలో వైరుధ్యం లేదు.

రేడియేషన్ గురించి మాట్లాడలేదేమని కొందరు అడుగుతారు. పేరెంట్ మీటింగుల్లో నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న అదే. మన దేశం 2012 సెప్టెంబర్ నుంచి టవర్ తరంగాల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. కేంద్రం 2017లో తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ ప్రాంతంలోని టవర్లు నిబంధన పాటిస్తున్నాయో లేదో చూడవచ్చు. రుసుము కట్టి కొలత కూడా వేయించుకోవచ్చు. అనుమానం ఉంటే కొలిపించండి, వాట్సాప్‌లో వచ్చిన వీడియోని నమ్మకండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. తరంగాల భయాన్ని మొక్కలు తీర్చవు, జనరేటర్ చప్పుడుని పోర్టల్ తీర్చదు. ఏ సమస్యకు ఆ మందే వేయాలి.

చివరగా, మా తొమ్మిదో తరగతికి నేనిచ్చిన ప్రాజెక్టు చెప్పి ముగిస్తాను. ఈ ఆదివారం మీ అబ్బాయో, అమ్మాయో మిమ్మల్ని పక్కవీధి దాకా రమ్మంటారు. కలిసి వెళ్ళండి. టవర్‌ని బయటి నుంచే చూడండి, లోపలికి వెళ్ళవద్దు. గేటుకి తాళం ఉందా, బోర్డు మీద నంబరు ఉందా, మొక్కలు బతికి ఉన్నాయా, జనరేటర్ ఎవరి కిటికీకి ఎదురుగా ఉంది అన్న నాలుగు ప్రశ్నలకు ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాయించండి. మన స్కూల్ రోడ్డులో టవర్‌కి ఎవరూ ఎందుకు వేషం వేయలేదని అడిగిన అమ్మాయికి నేను ఇచ్చిన జవాబు కూడా అదే. వేషం సంగతి తరువాత, ముందు కింద ఎవరున్నారో చూసి రా అన్నాను.

మా అసోసియేషన్ మీటింగ్ వచ్చే నెలలో ఉంది. జనరేటర్‌ని వెనక గోడ వైపు జరపమని కంపెనీకి లేఖ రాద్దామని సెక్రటరీ గారు ఒప్పుకున్నారు. అగ్రిమెంట్‌లో లేనిది కాబట్టి వాళ్ళు కాదనవచ్చు. ఈసారి మాత్రం మెట్ల మీద కూర్చునే ఆ పాప వాళ్ళ నాన్నని కూడా మీటింగుకి పిలిచారు.