అడ్వాన్సు కింద అడవి

సంక్రాంతి వెళ్ళగానే చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం రోడ్ల మీద ట్రాలీలు, బొలేరోలు ఛత్తీస్‌గఢ్ వైపు ఖాళీగా వెళ్ళి నిండుగా తిరిగొస్తాయి. సుక్మా, బీజాపూర్ జిల్లాల ఆదివాసీ కుటుంబాలు మిరప కోతకు దిగుతాయి. గిన్నెలు, దుప్పట్లు, చంకలో బిడ్డలు. చేను గట్టున టార్పాలిన్ కట్టుకుంటే ఏప్రిల్ దాకా అదే ఇల్లు. కోత మొదలైన రెండో రోజుకే వేళ్ళు మండుతాయి. ఎన్ని నీళ్ళతో కడిగినా ఆ మంట పోదు. ఆ చేత్తోనే బిడ్డకు అన్నం కలిపి పెట్టాలి, ఆ చేత్తోనే కళ్ళు తుడవాలి. కాయ కల్లంలో ఆరి, తాలు వేరై, బస్తాకెక్కి ఖమ్మం మార్కెట్‌కు చేరేసరికి తేజ మిర్చికి ఎంత ఘాటుందో, రంగెంతుందో చూస్తారు. కోసిన చేతుల సంగతి ఆ బేరంలో ఉండదు.

వెట్టి ఎక్కడుందండీ, ఇష్టమై వచ్చినవాళ్ళే కదా అంటారు ఇక్కడి కౌలు రైతులు. ఆ మాటలో సగం నిజముంది. సొంతూళ్ళో పని దొరకని నెలల్లో ఇక్కడి కూలి వాళ్ళకు నాలుగు డబ్బులు కళ్ళజూపిస్తుంది. కొందరు కూలిలో కొంత ఎండుమిర్చిగానే మూటగట్టుకుని పోతారు. మిగతా సగం నిజం కూలీల్ని కుదిర్చి తెచ్చే మేస్త్రీ దగ్గరుంటుంది. పెళ్ళికో, రోగానికో, తిండిగింజలకో అతను ముందే ఇచ్చిన డబ్బుకు కాగితం ఉండదు. కోత మధ్యలో జ్వరమొచ్చి పోతానన్నప్పుడు ఆ పద్దు బయటికొస్తుంది. కూలి లెక్క ఆఖర్లో చూస్తామంటారు కాబట్టి, మధ్యలో పోయేవాడు చేసిన పనినీ వదులుకుని పోవాలి. ముందు తీసుకున్న డబ్బు ఒక ముడి, ఇంకా చేతికి రాని కూలి రెండో ముడి. ఈ రెండు ముళ్ళున్నచోట గొలుసు అక్కర్లేదు.

తోటల యజమానులు గొలుసు వదిలి అడ్వాన్సు పట్టుకోవడం కొత్త కథ కాదు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో చట్టం వచ్చినప్పుడు రెండు కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకే అందింది. విడుదలైన బానిసకు పైసా దక్కలేదు. చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చేసరికి ఓడలు మన తీరానికి తిరిగాయి. కోరంగి రేవు నుంచి తెలుగువాళ్ళు మారిషస్ చేరారు. 1860లో మద్రాసు నుంచి నాటాల్‌కు వెళ్ళిన ట్రూరో ఓడలోనూ తెలుగువాళ్ళున్నారు. వాళ్ళ చేత వేలిముద్ర వేయించుకున్న ఒప్పందం వెనక జైలు ఉంది. దేశం లోపలి తోటలకు 1859 నాటి 13వ చట్టం అక్కరకొచ్చింది. అడ్వాన్సు తీసుకున్నావు, పని చెయ్యి, లేదా డబ్బు కట్టు, రెండూ కాకపోతే మూడు నెలల దాకా జైలు. ఆ చట్టం రద్దుకు 1925 దాకా ఆగాల్సి వచ్చింది.

ఓడ ఎక్కించిన దొరకు కాగితం కావాలి, కోర్టు కావాలి. గోదావరి గట్టు మీది షావుకారుకు అవేవీ అవసరం పడలేదు. భద్రాచలం వైపు ఎడమ గట్టు మద్రాసు ప్రెసిడెన్సీది, పాల్వంచ వైపు కుడి గట్టు నిజాముది. పాలకులు వేరైనా పద్దు పుస్తకం ఒకటే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాదు సంస్థానంలో ఉండిపోయిన ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1941లో పాపికొండల నడుమ కొండరెడ్ల ఊళ్ళు తిరిగాడు. అతని పుస్తకం 1945లో అచ్చయింది. మైదానం నుంచి వచ్చిన కలప, వెదురు వ్యాపారులు కొండరెడ్లకు సరుకులు అప్పుగా ఇచ్చి, ఆ అప్పు కింద ఏళ్ళ తరబడి వెదురు కొట్టించుకోవడం అందులో కనిపిస్తుంది. అప్పు తీరకపోవడమే ఆ వ్యాపారానికి లాభం, తీరితే మనిషి చేజారతాడు. చట్టాలు రాకపోలేదు. మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ రుణ బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1940లో రెగ్యులేషన్ తెచ్చింది. అప్పు కింద మనిషిని కట్టేసే భగేలా ఒప్పందాల మీద నిజాం ప్రభుత్వం 1943లో మరొకటి తెచ్చింది. తర్వాత 1976లో కేంద్రం వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేసినప్పుడు అందులో ఏకరువు పెట్టిన పద్ధతుల్లో భగేలా, జీత, పాలేరు, వెట్టి నాలుగూ ఉన్నాయి. దేశంలోని వెట్టి పద్ధతుల పట్టికకు మన ప్రాంతం అందించిన వాటా చిన్నదేమీ కాదు.

ఏడాదికింత ధాన్యం కొలిచి జీతగాణ్ణి జీవితాంతం ఉంచుకునే దొర ఇప్పుడు దాదాపు లేడు. అలా ఉంచుకోవడం ఖర్చు కూడా. మిరపకు మనిషి కావలసింది మూడు నెలలే. కాబట్టి బంధనం మనిషి నుంచి సీజన్‌కు మారింది, ఒక్కడి నుంచి ముఠాకు మారింది. జీతగాడు ముసలివాడైతే దొర గడప దగ్గర కనీసం గంజి అడిగేవాడు. ముఠా కూలీకి గడపే తెలియదు, తెలిసిందల్లా మేస్త్రీ ఫోన్ నంబరు.

దీన్ని కూలీ సమస్యగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. ఆ చేను ఎవరిది? ఏజెన్సీ మండలాల్లో చాలాచోట్ల కోయ రైతుదే. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్, దాన్ని సవరించిన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, అదే అందరి నోటా ‘వన్ ఆఫ్ సెవెంటీ’, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి అమ్మకాన్నే కాదు, కౌలునూ చెల్లనివ్వవు. అయినా కౌలు నడుస్తోంది. నోటి మాట మీద, అడ్వాన్సు మీద నడుస్తోంది. కోయ రైతు తన భూమికి అడ్వాన్సు తీసుకుని, అదే చేలో కూలికి వెళ్తాడు. పక్క సాలులో బీజాపూర్ కూలీ తన చేతులకు అడ్వాన్సు తీసుకుని వంగి ఉంటాడు. ఒకే చేలో ఇద్దరు ఆదివాసులు, రెండు నోటి మాటలు.

మన పాలన తీరు మీద నాకున్న అసలు అభ్యంతరం ఇక్కడే. భూబదలాయింపు చట్టం, వెట్టిచాకిరీ చట్టం రెండూ రుజువు భారాన్ని బలవంతుడి మీదే పెట్టాయి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది, కాదని అతనే తేల్చుకోవాలి. ఇచ్చింది వెట్టి అప్పు కాదని 1976 చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం అప్పిచ్చినవాడే తేల్చుకోవాలి. కాగితం లేదన్నది యజమానికి రక్షణ కాకూడదు. అది అతనికి చిక్కు కావాలి. కానీ క్షేత్రంలో తిరగేసి నడుస్తోంది. ‘రాతకోతలు ఏమైనా ఉన్నాయా?’ అని అధికారి కూలీనే అడుగుతాడు.

ఇష్టమై వచ్చారన్న వాదనకు సుప్రీంకోర్టు ఎప్పుడో జవాబిచ్చింది. ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో, 1982లో, కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది. ఆకలీ ఒక బలవంతమేనంది. బంధువా ముక్తి మోర్చా కేసులో, 1983లో, బలవంతంగా పనిచేయిస్తున్నట్టు తేలినచోట అడ్వాన్సుకు బదులుగానే చేయిస్తున్నారని భావించాలంది. ఈ రెండు తీర్పుల వెలుగులో మిరప కల్లాల్లో కూలి లెక్క చూసిన అధికారులెందరు?

ఇందులో కౌలు రైతునే దొరగా నిలబెట్టి చేతులు దులుపుకోవడం కూడా న్యాయం కాదు. విత్తనానికి, పురుగుమందుకు అతనూ కమీషన్ వ్యాపారి దగ్గర అడ్వాన్సు తెచ్చినవాడే, పంట అక్కడికే తోలాలి. ధర పడితే ముందు కోతపడేది కూలికే. 2025లో ధర పడిపోయినప్పుడు కేంద్రం ఆంధ్రప్రదేశ్ రైతుకు క్వింటాలుకు 11,781 రూపాయల మార్కెట్ జోక్యం ధర ప్రకటించింది. ఆ ధరలో కోత కూలికి ఎంత చేరాలన్న ప్రశ్న చర్చలోకే రాలేదు.

ఇక అందరికన్నా అడుగున గుత్తికోయలున్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక అక్కడి ఊళ్ళు వదిలి ఇటు అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. తెలంగాణలో ఎస్టీ గుర్తింపు లేదు, పోడు పట్టా లేదు. అటవీశాఖ ఎప్పుడు ఖాళీ చేయిస్తుందోనన్న భయం ఉన్న మనిషి కూలి కోసం గట్టిగా బేరమాడగలడా? చవక కూలి ఆకాశం నుంచి ఊడిపడదు, దాన్ని ప్రభుత్వ కాగితాలు కూడా తయారు చేస్తాయి.

లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్‌లో, పేరూరు మిరప చేల నుంచి బీజాపూర్‌కు బయల్దేరిన 12 ఏళ్ళ ఆదివాసీ బాలిక మూడు రోజులు అడవి దారుల్లో నడిచి, సొంతూరు కాస్త దూరంలో ఉండగా ప్రాణం వదిలింది. ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న పేరూరు ఒకప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం డివిజన్‌లోదే. దేశమంతా ఆ నడక గురించి మాట్లాడుకుంది. 12 ఏళ్ళ పిల్ల చేలోకి ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారన్న ప్రశ్న దానికి ముందరిది.

ముఠా మేస్త్రీకి లైసెన్సు, కూలీకి పాసుబుక్కు, వలస భత్యం అన్నీ 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలో ఉండేవి. అది ఐదుగురు కూలీలున్నా వర్తించేది. దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి కార్మిక కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది, వలస భత్యాన్ని తీసేసింది. చిన్న చిన్న ముఠాలుగా చీల్చడం మేస్త్రీకి ఎంతసేపు?

పునరావాసం మరో చిక్కు. వెట్టి నుంచి విడిపించిన పురుషుడికి లక్ష, మహిళలకు, పిల్లలకు రెండు లక్షలు, తీవ్రమైన కేసుల్లో మూడు లక్షలు ఇవ్వాలంటుంది 2016 నాటి కేంద్ర పథకం. కానీ తుది సొమ్మును కోర్టు ప్రక్రియకు ముడిపెట్టింది. కోత ఏప్రిల్‌లో అయిపోతుంది. బీజాపూర్ కూలీ ఇక్కడి వాయిదాలకు ఏ ఛార్జీలతో వస్తాడు? విడుదల పత్రం ఇవ్వాల్సింది కొత్తగూడెం, ములుగు జిల్లాల అధికారులు. ఆ తర్వాత ఇల్లు, ఉపాధి చూడాల్సింది బీజాపూర్, సుక్మా కలెక్టర్లు. ఈ నాలుగు జిల్లాలు డిసెంబరులోనే కూర్చుని మేస్త్రీల జాబితా రాసుకోవాలి, ఇచ్చిన అడ్వాన్సు ఎంతో కూలీ చేతిలో చీటీగా పెట్టించాలి, కూలి వారం వారం ఇప్పించాలి. 1976 చట్టం జిల్లాకూ డివిజన్‌కూ విధించిన విజిలెన్స్ కమిటీలు జనవరి నుంచి కల్లాల దగ్గరే సమావేశం కావాలి.