పొద్దున ఆపరేషన్.. సాయంత్రం ఇంటికి! ప్రోస్టేట్ లేజర్‌లో బీమా మెలిక ఇదే

హైదరాబాద్: రాత్రికి నాలుగైదుసార్లు బాత్‌రూమ్‌కు లేవడం, ధార సన్నబడటం.. యాభై దాటాక చాలామంది దీన్ని 'వయసు మీద పడింది' అని సర్దుకుపోతుంటారు. చాలాసార్లు కారణం ప్రోస్టేట్ గ్రంథి పెరగడం. ఇది క్యాన్సర్ కాదు. మందులతో లొంగకపోతే ఆపరేషన్.

పాత టీయూఆర్‌పీ పద్ధతిలో సాధారణంగా రెండు మూడు రోజులు ఆస్పత్రిలో ఉండాలి. లేజర్‌లో రక్తం తక్కువ పోతుంది కాబట్టి కొందరిని అదే రోజు పంపించేస్తున్నారు. గ్రీన్‌లైట్ లేజర్ పెరిగిన భాగాన్ని ఆవిరి చేస్తుంది. హోల్మియంతో ఆ భాగాన్ని ఒలిచి బయటకు తీస్తే ముక్కను బయాప్సీకి పంపొచ్చు. ఆవిరైపోతే ల్యాబ్‌కు పంపడానికి ఏమీ మిగలదు. ఈ తేడా ముందే అడగాల్సిందే.

అసలు చిక్కు బిల్లు దగ్గర మొదలవుతుంది. జనం దీన్ని 'ఓపీలోనే అయిపోయింది' అంటారు. బీమా భాషలో ఓపీ వేరు, డే కేర్ వేరు. మత్తు ఇచ్చి 24 గంటల్లోపు చేసే చికిత్స డే కేర్. ఐఆర్‌డీఏఐ నిర్వచనంలో ఓపీ చికిత్స ఇందులోకి రాదు. కాగితాల్లో డే కేర్ అడ్మిషన్ లేకపోతే క్లెయిమ్‌కు ఇబ్బందే.

ఇంకోటి. 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో ప్రోస్టేట్ వాపుకు 24 నెలల వెయిటింగ్ ఉంది. గ్రీన్ లేజర్, హోల్మియం లేజర్‌తో ఆవిరి చేసే చికిత్సకు బీమా మొత్తంలో 50 శాతమే పరిమితి. అంటే 2 లక్షల పాలసీ ఉన్నా లక్ష దాటదు. క్లెయిమ్‌లో 5 శాతం మన జేబులోంచే. మిగతా పాలసీల్లో నిబంధనలు వేరుగా ఉండొచ్చు.

ఇక 'ఇంటికి' అన్న మాట. అబిడ్స్‌లో ఉండేవాళ్లకు ఇల్లంటే ఆటో దూరం. తాండూరు నుంచి రైల్లో వచ్చి నాంపల్లి స్టేషన్‌లో దిగే పెద్దాయనకు అది క్యాథెటర్‌తో గంటల ప్రయాణం. రాత్రి రక్తపు గడ్డ అడ్డుపడి మూత్రం ఆగిపోతే ఎవరికి చెప్పుకోవాలి? అలాంటివాళ్లకు డే కేర్ అంటే స్టేషన్ పక్క లాడ్జిలో ఒక రాత్రి. ఆ అద్దె ఏ క్లెయిమ్‌లోనూ రాదు.

గుండెకు స్టెంట్ పడి రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా వాటిని ఆపకూడదు. ఆపరేషన్ తర్వాత వీర్యం బయటకు రాకుండా వెనక్కి, మూత్రాశయంలోకి వెళ్లడం మామూలే. ప్రాణానికి ప్రమాదం లేదు. కానీ కొడుకు పక్కన కూర్చుంటే ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడే తండ్రులే ఎక్కువ.