ఊరపంది పెంట, అడవిపంది గర్భం: పునఃపరిశీలించవలసిన ఒక సిఫారసు

అడవిపందుల బెడద నుండి పంటను కాపాడుకోవడానికి రైతులకు సూచించే పద్ధతులలో ఊరపంది పెంటకు చాలాకాలంగా చోటుంది. పెంటను నీటిలో కలిపి, వడగట్టి, ఆ ద్రావణాన్ని పొలం గట్ల వెంట చల్లితే, ఆ వాసనను మరొక మంద ఉనికిగా భావించి అడవిపందులు చేలోకి దిగవన్నది దాని వెనుక ఉన్న తర్కం. దీనికి ఖర్చు లేదు, ఇది జంతువును చంపదు, చట్టానికి అడ్డు రాదు. అందుకే క్షౌరశాలల నుండి తెచ్చిన వెంట్రుకలు, చేను చుట్టూ కట్టే రంగు చీరలు, పిడకల పొగ వంటి వాటి సరసన ఇది కూడా శిక్షణ తరగతులలోను, కరపత్రాలలోను నిలిచిపోయింది. ఈ సిఫారసును ఇప్పుడు పక్కన పెట్టవలసి ఉంది. అందుకు కారణం సస్యశాస్త్రానికి చెందినది కాదు. పందులకు వచ్చే అంటువ్యాధులకు, అందులోనూ గర్భస్థ పిండానికి సోకే వ్యాధికి సంబంధించినది. విస్తరణ శాస్త్రవేత్తల దృష్టి అటువైపు మళ్ళకపోవడంలో ఆశ్చర్యం లేదు. పంట నష్టాన్ని అంచనా వేసేవారు పంది గర్భకోశాన్ని చూడవలసిన సందర్భం సాధారణంగా రాదు.

ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి మండలాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. రామదాసు పుట్టిన ఈ ఊరి నుండి ఆయన గుడి కట్టించిన భద్రాచలం వరకు ప్రయాణిస్తే, కాలువల కింది వరి, చెరకు, మొక్కజొన్న చేలు క్రమంగా తగ్గి, పాల్వంచ సమీపానికి వచ్చేసరికి కిన్నెరసాని అభయారణ్యపు అడవి ఎదురవుతుంది. నేలకొండపల్లి చుట్టూ అంతటి అడవి లేదు. అయితే అడవిపందికి అంతటి అడవి అవసరమూ లేదు. పగలు దాగడానికి సర్కారు తుమ్మ కమ్మిన చెరువు శిఖమో, నిలువెత్తు చెరకుతోటో చాలు. పొర్లడానికి కాలువ బురద ఉంది, రాత్రి తినడానికి కంకి పట్టిన మొక్కజొన్న ఉంది. పటంలో గీసిన అడవి సరిహద్దు కదలదు గాని, పంది లెక్కలోని సరిహద్దు చెరకు ఎదిగినప్పుడు ఊరి వైపుకు జరిగి, నరికినప్పుడు వెనక్కు పోతుంది.

ఇక్కడ సస్యశాస్త్రజ్ఞులు అంగీకరించవలసిన విషయం ఒకటి ఉంది. పందులు పంటను తిని రైతుకు నష్టం కలిగిస్తున్నాయని మాత్రమే విస్తరణ సాహిత్యం చెబుతుంది. తిన్న పంట ఏమవుతున్నదో చెప్పదు. ఆడ అడవిపంది ఎదకు రావడం వయసు కంటే శరీర బరువుపై ఎక్కువగా ఆధారపడుతుంది. మంచి మేత దొరికిన పిల్ల పుట్టిన ఏడాదిలోనే కట్టగలదు. ఐరోపా అడవులలో సింధూర, బీచ్ వృక్షాలు విరగకాసిన సంవత్సరాల తరువాత అడవిపందుల ఈతలు, పిల్లల సంఖ్య పెరగడాన్ని అక్కడి పరిశోధకులు ఎంతోకాలంగా నమోదు చేస్తున్నారు. ఖమ్మం జిల్లాలో ఆ కాయల స్థానాన్ని యాసంగి మొక్కజొన్న తీసుకున్నది. అడవిలో దుంపలు, రాలిన కాయలు అయిపోయే కాలానికి సరిగ్గా చేలో కంకి పాలు పోసుకుంటుంది. ఒకప్పుడు మేత కొరత వలన సహజంగా తగ్గే ఈతలకు ఆ అడ్డు తొలగిపోయింది. నీటిపారుదల, సంకర రకాలు, ఎరువులు కలిసి రైతుకు ఇచ్చిన దిగుబడిలో కొంత భాగం ఈ విధంగా పంది పిల్లలుగా మారుతున్నది.

పంది గర్భధారణ క్రమం విలక్షణమైనది. గర్భకాలం సుమారు 115 రోజులు. పల్లెలలో పందులు పెంచేవారు మూడు నెలల, మూడు వారాల, మూడు రోజుల లెక్క అనేది ఇదే. ఫలదీకరణ జరిగిన పది రోజుల వరకు పిండం ఆవగింజంత నుండి మిరియపు గింజంత ఉండే గుండ్రటి సంచి. తరువాత రెండు మూడు రోజులలో అది దారంలా సాగి దాదాపు మీటరు పొడవుకు చేరుతుంది. అన్ని పిండాలూ అలా సాగి, గర్భాశయపు రెండు కొమ్ముల పొడవునా పరుచుకొని, తమ ఉనికిని తల్లి శరీరానికి రసాయన సంకేతాల ద్వారా తెలుపుతాయి. 12వ రోజు నాటికి కనీసం నాలుగైదు పిండాలైనా లేకపోతే ఆ సంకేతం చాలక, గర్భం నిలవక, తల్లి తిరిగి ఎదకు వస్తుంది. ఆవులోగాని, మనిషిలోగాని ఇటువంటి నియమం కనిపించదు.

వ్యాధుల దృష్టితో చూస్తే ఇంతకంటే ముఖ్యమైనది మాయ నిర్మాణం. పందిలో తల్లి రక్తానికి, పిండం రక్తానికి మధ్య ఆరు పొరలు ఉంటాయి. తల్లిలోని ప్రతిరక్షకాలు ఆ పొరలను దాటి పిండాన్ని చేరలేవు. అందుచేత పంది పిల్ల ఏ రక్షణా లేకుండా పుట్టి, మొదటి రోజు తాగే జున్నుపాల ద్వారానే దానిని పొందుతుంది. ప్రతిరక్షకాలను ఆపే ఆ పొరలు కొన్ని వైరస్‌లను మాత్రం ఆపలేవు. పిండానికి స్వంత రోగనిరోధక శక్తి ఏర్పడేది గర్భం 70 రోజులు నిండే సమయానికి. ఆ లోపల వైరస్ చేరితే ఏమవుతుందన్నది అది చేరిన రోజుపై ఆధారపడుతుంది. పార్వో వైరస్ మొదటి నెలలో సోకితే పిండాలు కరిగిపోతాయి, ఎముకలు ఏర్పడిన తరువాత సోకితే ఎండి ముద్దలవుతాయి. ఒక పిండం నుండి పక్క పిండానికి మెల్లగా పాకుతుంది కనుక ఒకే గర్భంలో బొటనవేలంత నుండి జానెడు వరకు ఎండిన పిండాలు కనిపిస్తాయి.

క్లాసికల్ స్వైన్ ఫీవర్ విషయం ఇంతకంటే ప్రమాదకరమైనది. పత్రికలలో దీనిని తరచు స్వైన్ ఫ్లూతో కలిపేస్తారు గాని రెండింటికీ సంబంధం లేదు. ఇది మనుషులకు సోకదు. గర్భం తొలిదశలో ఈ వైరస్ సోకితే పిల్లలు చనిపోతాయి లేదా వైకల్యంతో పుడతాయి. సుమారు 50 నుండి 70 రోజుల మధ్య సోకితే మాత్రం పిండం బతుకుతుంది. అప్పటికి దాని నిరోధక వ్యవస్థ పూర్తిగా రూపు దిద్దుకోలేదు కనుక వైరస్‌ను పరాయిదిగా గుర్తించదు. అటువంటి పిల్ల చూడటానికి ఆరోగ్యంగా పుట్టి, నెలల తరబడి లాలాజలంలోను, మూత్రంలోను, మలంలోను వైరస్‌ను విసర్జిస్తూ, ఏ ప్రతిరక్షకాలూ తయారు చేసుకోకుండా తిరుగుతుంది. చివరకు చనిపోతుంది గాని, ఆ లోపల చేయవలసిన హాని చేసే ఉంటుంది. మందలో జబ్బు ఆనవాలు లేదని యజమాని నిజాయితీగా చెప్పే మాట కూడా ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు పెంట ద్రావణం సంగతికి రావచ్చు. ఊరిలోని మంద పెంటను సేకరించి, ద్రవంగా మార్చి, అడవిపంది ముట్టె ఆనే చోటనే, తడి ఆరని కాలువ గట్టు మీద, వారం వారం చల్లమని చెప్పడం జరుగుతున్నది. వ్యాధిని ఒక మంద నుండి మరొక మందకు చేర్చాలనుకుంటే ఇంతకంటే తేలిక మార్గం తట్టడం కష్టం. వాసనకు వెనుదిరిగే పంది కూడా మొదట దగ్గరకు వచ్చి మూతి ఆనించి చూస్తుంది. ఆ పంది 50 నుండి 70 రోజుల కట్టుపంది అయితే, పైన చెప్పిన కథ ఈసారి అడవిపంది గర్భంలో మొదలవుతుంది. అక్కడ పుట్టిన పిల్లలు నాలుగైదు నెలల్లో మరొక ఊరి పెంటకుప్పల దగ్గరకు చేరతాయి. ఎండకు వైరస్ త్వరగా నశిస్తుందన్న వాదన సరైనదే. అయితే పందులు తిరిగేది రాత్రి, రైతు ద్రావణం చల్లేది సాయంత్రం.

2020కి ముందైతే ఈ వాదనను అతిజాగ్రత్తగా కొట్టివేయడానికి కొంత వీలుండేది. క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కు దేశంలో టీకా ఉంది. ఆ సంవత్సరం అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ దేశంలో మొదటిసారి నిర్ధారణ అయింది. అది వేరే వైరస్. దానికి మన దేశంలో వాడుకలో ఉన్న టీకా లేదు. సోకిన పందులలో దాదాపు అన్నీ చనిపోతాయి, కట్టినవి ఈసుకుపోతాయి. 2023 జనవరిలో తమిళనాడులోని ముదుమలై పులుల అభయారణ్యంలో చనిపోయిన అడవిపందులలో ఇదే వ్యాధి బయటపడింది. ఊరపందికి, అడవిపందికి మధ్య ఈ వైరస్‌కు ఏ అడ్డూ లేదు. జీవశాస్త్రపరంగా రెండూ ఒకే జాతి, కలిసి పిల్లలను కనగలవు, ఊరి చివర కంటున్నాయి కూడా.

నష్టపోయేది ఎవరో గుర్తించడం అవసరం. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చిన చోట పెంపుడు పందులన్నిటినీ నిర్మూలించవలసి వస్తుంది. ఈ ప్రాంతంలో పందుల పెంపకం చాలావరకు ఎరుకల కుటుంబాల జీవనాధారం. మొక్కజొన్న రైతుకు ఉచితంగా పెంట ఇచ్చిన కుటుంబమే, తిరిగివచ్చిన వ్యాధికి మందనంతా కోల్పోవచ్చు. ఒక రైతు పంటను కాపాడే సలహా మరొక రైతు ఆస్తిని ప్రమాదంలో పెట్టరాదన్నది విస్తరణ విద్యలో కొత్త సూత్రమేమీ కాదు. పందుల పెంపకందారులను రైతులుగా లెక్కించే అలవాటు తక్కువ కావడం వలన అది ఇక్కడ మరుగున పడింది. ఈ ద్రావణం వలన వ్యాధి సోకిందనడానికి రుజువు చూపమని కొందరు అడగవచ్చు. చెరకుతోటలో చచ్చిన అడవిపంది నుండి నమూనా తీసే ఏర్పాటు ఉన్నప్పుడే ఆ ప్రశ్నకు విలువ ఉంటుంది.

ద్రావణం మానితే రైతు చేతిలో ఏమీ మిగలదన్నది నిజం కాదు. మొక్కజొన్న చుట్టూ దగ్గర దగ్గరగా నాలుగు వరుసల ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్ళ కుసుమ వేయడం ఇప్పటికే పరీక్షించిన పద్ధతులు, వాటి గింజకు ధర కూడా వస్తుంది. కందకం, ముళ్ళ తీగ, నిబంధనలకు లోబడిన సౌరకంచె ఉన్నాయి. కరెంటు తీగ సంగతి వేరు. మనుషులను చంపుతున్న ఆ పద్ధతి గురించి చర్చించవలసినదేమీ లేదు.

కాల్చి చంపడం గురించి కూడా కొంత చెప్పవలసి ఉంది. 2022 సవరణ తరువాత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవిపంది రెండవ షెడ్యూలులో ఉంది. పంటకు హాని చేసే వాటిని అనుమతితో చంపించే వీలు చట్టంలో ఉంది, రాష్ట్రంలో ఆ అధికారాన్ని సర్పంచుల వరకు తెచ్చారు. వేటగాడు సాధారణంగా ఎన్నుకొనేది కోరలున్న పెద్ద మగపందిని. ఒక మగపంది అనేక ఆడపందులను కట్టిస్తుంది కనుక దానిని చంపితే మరుసటి ఏటి పిల్లల సంఖ్యలో మార్పు రాదు. పాలు తాగే పిల్లలు చనిపోతే తల్లి కొద్ది వారాలలోనే తిరిగి ఎదకు వస్తుంది. ఏటా సగానికి మించి తొలగించనిదే సంఖ్య తగ్గదన్నది ఐరోపా అనుభవం. ఏ పందిని, ఏ నెలలో చంపాలన్నది తెలియకుండా సాగే వేట రైతు కోపాన్ని తగ్గించగలదు గాని మందను తగ్గించలేదు.

ఆ నెలను తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. పంది పిండం పొడవు దాని వయసును చెబుతుంది. నెల రోజుల పిండం అంగుళం కంటే కొంచెం ఎక్కువ, రెండు నెలలది సుమారు ఐదు అంగుళాలు. ఫిబ్రవరి నడుమ చంపిన పంది గర్భంలో ఐదు అంగుళాల పిండాలు కనిపిస్తే అది డిసెంబరు నడుమ కట్టిందని, బతికి ఉంటే ఏప్రిల్ రెండవ వారంలో ఈనేదని లెక్క తేలుతుంది. డిసెంబరులో ఆ పంది ఏ పంట తిన్నదో మండలంలో తెలియనివారు ఉండరు. ఇటువంటి ఇరవై ముప్పై లెక్కలు చేతికి వస్తే, కంచె ఎప్పుడు బిగించాలో, చెరకు నరికే వరుసను ఎలా మార్చాలో, వేటకు ఏ నెల తగినదో చెప్పవచ్చు. ఎండిన పిండాలు ఎన్ని ఉన్నాయో రాసుకుంటే వ్యాధి సంగతి కూడా తెలుస్తుంది.

దీనికి అడ్డు శాఖల మధ్య గోడలే. పొలం వ్యవసాయ విశ్వవిద్యాలయానిది, ఊరపంది పశువైద్యులది, అడవిపంది అటవీ శాఖది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో పశువైద్య విశ్వవిద్యాలయం విడివడే వరకు సస్యశాస్త్రం, పశువైద్యం ఒకే గొడుగు కింద ఉండేవి. అప్పుడూ ఈ పని జరగలేదన్నది వేరే సంగతి. హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల కృత్రిమ గర్భధారణ ద్వారా 2006లో చుక్కల జింక పిల్లను, మరుసటి సంవత్సరం కృష్ణజింక పిల్లను పుట్టించింది. పేడలోని హార్మోన్ల ఆధారంగా, జంతువును తాకకుండానే అది కట్టిందో లేదో చెప్పగల నైపుణ్యం అక్కడ ఉంది. అరుదైపోతున్న జంతువుల సంతానోత్పత్తి కోసం సమకూర్చుకున్న ఆ విద్య మితిమీరి పెరుగుతున్న జంతువుకూ వర్తిస్తుంది. వైరా కృషి విజ్ఞాన కేంద్రం నుండి నేలకొండపల్లి చేలు ఎంతో దూరం లేవు. నమూనా తీయడానికి వచ్చే పశువైద్యునికి ఫోను చేయవలసినది ఎవరన్నది తేల్చుకోవడమే మిగిలింది.

జాగ్రత్తలు తప్పవు. చచ్చి పడి ఉన్న అడవిపందిని ఎవరూ కోయరాదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అయితే ఒలికిన రక్తమే నేలను కలుషితం చేస్తుంది. అటువంటి కళేబరం సమాచారాన్ని అటవీ, పశుసంవర్ధక శాఖలకు ఇచ్చి దూరంగా ఉండాలి. అనుమతితో కాల్చిన, ఆరోగ్యంగా కనిపించిన ఆడపందిని మాత్రమే, పాతిపెట్టే గోతి అంచున, పశువైద్యుని సమక్షంలో, చేతి తొడుగులతో తెరవాలి. బ్రుసెల్లా, లెప్టోస్పైరా వంటివి గర్భస్రావాల నుండి మనుషుల చేతికి అంటుకొనేవి. కొలత, లెక్క, ఒక నమూనా, ఆ పైన సున్నం, మట్టి. అంతటికీ అరగంట చాలు. ప్రస్తుతం ఆ గోతిలోకి పంది కళేబరంతో పాటు ఆ అరగంటలో తెలియవలసినదంతా పోతున్నది, పొలం గట్టు మీద మాత్రం పెంట ద్రావణం చల్లడం కొనసాగుతున్నది.