మంత్రమా, మందా?



ఈ నెల ఒక ప్రాచీన లాటిను గ్రంథమును గూర్చి ముచ్చటింతము. దాని పేరు 'మాజియా నాచురాలిస్', అనగా ప్రకృతి సిద్ధమైన ఇంద్రజాలము. ఇటలీ దేశమున నేపుల్సు నగరవాసియగు జంబత్తిస్తా దెల్లా పోర్తా దీనిని 1558లో నాలుగు భాగములుగా ప్రకటించి, 1589లో ఇరువది భాగములకు పెంచెను. పేరు మంత్రగ్రంథమువలె నున్నను, లోపల పండ్లు నిలువచేయుట, వంట, పరిమళద్రవ్యములు, అద్దములు, అయస్కాంతము, ఉక్కునకు పదును పెట్టుట మొదలగు విషయములే మెండు. వింతగా దోచు కార్యములకు ప్రకృతిలోనే కారణములు గలవని యాతని మతము.

వెల్లుల్లి రాచినచో అయస్కాంతమునకు శక్తి నశించునని పూర్వులు చెప్పుచుండిరి. పోర్తా వెల్లుల్లిరసము పూసి చూచెను. ఇనుము ఎప్పటివలెనే అంటుకొనెను. అట్లని యాతడు సర్వమును పరీక్షించెనని యనరాదు. కుళ్లిన పదార్థములనుండి జంతువులు పుట్టునను పాత మాటను తానును నమ్మి వ్రాసెను.

మనము ముఖ్యముగా నెఱుగవలసిన కథ 1558 నాటి ముద్రణములో గలదు. మంత్రగత్తె యనబడు ఒక ముసలమ్మ తాను దూరమేగి వార్త తెచ్చెదనని చెప్పి, అందఱను గదినుండి వెలికి పంపెను. వారు తలుపు సందులనుండి చూచుచుండగా, ఆమె ఒడలికి ఏదో లేపనము పూసికొని గాఢనిద్రలో బడెను. లోనికేగి కొట్టినను మేల్కొనలేదు. మెలకువ వచ్చిన పిమ్మట, కొండలు సముద్రములు దాటి వచ్చితినని చెప్పెను. దెబ్బల గుఱుతులు చూపినను నమ్మలేదు. ఆ లేపనములలో మన ఉమ్మెత్తకు జ్ఞాతులైన మత్తుమొక్కలు చేరునని పోర్తా వ్రాసెను. ఆమె ఎగిరినది కలలో మాత్రమే. ఇట్లు చెప్పినందులకు, 1580లో జాన్ బొదేన్ అను ఫ్రెంచి న్యాయవేత్త పోర్తానే మాంత్రికుడని నిందించెను!

ఇది దూరదేశపు పాతకథ యని త్రోసివేయకుడు. కరీంనగరము, ఆదిలాబాదు పల్లెలలో బాణామతి, చేతబడి యను మాటలు వినని యిల్లాలు అరుదు. బిడ్డకు మూర్ఛ వచ్చినను, బఱ్ఱె పాలు తగ్గినను, ఒంటరి వితంతువుపైనో, పొరుగింటి ముసలివానిపైనో అనుమానము వ్రాలును. మంత్రము పలుకకుండ పండ్లు ఊడగొట్టిన దారుణములును తెలంగాణమున జరిగినవి. పూర్వము కరీంనగరము జిల్లాలోనిదైన జగిత్యాలలో 2022 జనవరిలో, మంత్రములు చేయుచున్నాడను అనుమానముతో ఒక తండ్రిని, అతని యిద్దఱు కొడుకులను చంపివేసిరి.

ఇట్టి అనుమానము మొదట రచ్చబండకడ పుట్టదు. వంటయింటిలో, బావికడ, ఒకరి చెవిలో నొకరు చెప్పుకొను మాటలలో పుట్టును. కావున దానిని ఆపుటయు మన చేతిలోనే యున్నది. బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఏమి తినెను, ఏ నీరు త్రాగెను, జ్వరమెప్పుడు వచ్చెను అని విచారించి వైద్యునికి చూపుడు. మూర్ఛకు మందు గలదు. పశువునకు పశువైద్యుని పిలువుడు. కారణము వెంటనే తెలియకున్నను, తెలియలేదని యూరకుండుడు. ఆ ఖాళీలో ఒక మనిషి పేరు మాత్రము ఉంచకుడు. మీ యెదుట ఎవరైన అట్టి పేరు చెప్పినచో, "నీవు కంటితో చూచితివా?" యని యడుగుడు. ఆ యొక్క ప్రశ్న ఒక నిండుప్రాణమును కాపాడవచ్చును.