ఆపదలో ఆదుకునే డ్రైవరుకు కేసు భయం వద్దు

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వరకు 65వ నంబరు జాతీయ రహదారిపై తెల్లవారింది మొదలు షేర్ ఆటోలు, ఫోనులో పిలిస్తే వచ్చే క్యాబ్‌లు తిరుగుతూనే వుంటాయి. ఇస్నాపూర్, రుద్రారం, కంది స్టేజీల వద్ద ఎక్కేవారిలో షిఫ్టు డ్యూటీకి పోయే కార్మికులు, ఊళ్ళ నుంచి పని మీద వచ్చే రైతులు వుంటారు. దారిలో ఒకరికి గుండె నొప్పి వచ్చినా, ఫిట్స్ వచ్చినా మొదట ఆదుకోవలసింది బండి నడిపే మనిషే. సాయం చేయాలని వున్నా రెండు భయాలు అతన్ని వెనక్కు లాగుతాయి. మనిషి పోతే కేసు తన మెడకు చుట్టుకుంటుందేమోనన్నది ఒకటి. ఆస్పత్రిలో డబ్బు కట్టమంటారేమోనన్నది రెండోది.

చట్టం ఏమంటున్నది?

ఈ భయానికి ఒకప్పుడు కారణం లేకపోలేదు. కారు ఢీకొన్న ఒక స్కూటరిస్టును దగ్గరి ఆస్పత్రి చేర్చుకోలేదు. పోలీసు కేసులు చూసే దూరపు ఆస్పత్రికి పొమ్మనడంతో అతను దారిలోనే మరణించాడు. ఈ ఉదంతంపై సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పింది. సర్కారు డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు ఆ తరువాతేనన్నది దాని సారాంశం.

రోడ్డు ప్రమాద బాధితులను తెచ్చినవారిని వేధించరాదన్న కేంద్ర మార్గదర్శకాలకు 2016 మార్చి 30న అదే కోర్టు ఆమోదముద్ర వేసింది. వాటి ప్రకారం బంధువు కాని మనిషిని అడ్మిషను డబ్బు కట్టమని ఆస్పత్రి అడగరాదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఎ సెక్షను చేరింది. సదుద్దేశంతో సాయపడినవారిపై సివిలు, క్రిమినలు కేసులు నిలవవు. పేరు చెప్పమని బలవంతం చేయరాదని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ప్రమాదం చేసిన బండి డ్రైవరు సంగతి వేరు. గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం అతనికి చట్టం విధించిన బాధ్యతే.

జబ్బు మనిషికి వర్తించదు

రోడ్డు ప్రమాదంలో తీవ్రంగా గాయపడినవారిని తొలి గంటలోగా ఆస్పత్రికి చేర్చినవారికి కేంద్రం 2021లో 5,000 రూపాయల బహుమతి ప్రకటించింది. 2025లో 'రాహ్ వీర్' పేరిట దానిని 25,000కు పెంచింది. బాధితుడికి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల నగదు రహిత చికిత్స కూడా అదే ఏడాది అమలులోకి వచ్చింది.

ఇవన్నీ రోడ్డు ప్రమాదాలకే పరిమితం. బండిలో గుండెపోటు వచ్చిన ప్రయాణికుడు గాని, ఫ్యాక్టరీలో కాలిన కార్మికుడు గాని వీటి కిందికి రారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు 40 మందికి పైగా కార్మికులను బలి తీసుకున్నది. ఈ ప్రాంతంలో ఆపద రోడ్డు మీదే రాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. గుండెపోటు, పక్షవాతం వంటి జబ్బులు అసలు పోలీసు కేసులే కావు. అక్కడ డ్రైవరు భయపడవలసినదేమీ లేదు.

వలస కార్మికుడికి దిక్కెవరు?

బీహారు, ఒడిశాల నుంచి వచ్చి ఇక్కడ గదులు అద్దెకు తీసుకున్న కార్మికులకు పక్కన బంధువులుండరు. సంతకానికి, అడ్వాన్సుకు తెచ్చిన డ్రైవరు వైపే చూస్తే, రెండోసారి అతను బండి ఆపడానికి వెనుకాడతాడు. ఆ పూట కిరాయి ఎలాగూ పోయింది. బాకీ కూడా నెత్తిన పడితే ఎవరు ముందుకు వస్తారు?

ఎటు తీసుకుపోవాలి?

2005 ఆగస్టు 15న మొదలైన 108 సర్వీసుకు ముందుగా ఫోను చేయాలి. వాన్ వచ్చేలోపు ఏం చేయాలో, ఏ ఆస్పత్రికి పోవాలో వారినే అడగవచ్చు. మూతి వంకరపోయి, మాట తడబడి, ఒక పక్క చెయ్యి పడిపోతే పక్షవాతంగా అనుమానించాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. దానికి ముందు తలకు సి.టి. స్కాను తీయాలి. స్కాను లేని చోటుకు చేర్చి, అక్కడి నుంచి మరో చోటుకు పరుగెత్తితే ఆ గడువు దాటిపోతుంది.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రాత్రింబగళ్ళు వైద్యం దొరికే ఆస్పత్రులు, స్కాను వున్న చోట్లు, 108 నంబరు రాసిన బోర్డు ప్రతి ఆటో స్టాండులో, ఫ్యాక్టరీ గేటు వద్ద పెట్టాలి. తెచ్చినవారిని డబ్బు అడగరాదన్న మాట ఆస్పత్రుల క్యాజువాలిటీ గోడ మీద తెలుగు, హిందీలలో కనిపించాలి. బహుమతిని జబ్బు మనిషిని చేర్చినవారికీ వర్తింపజేయవలసి వున్నది. అది జరిగే వరకు కనీసం ఆ పూట కిరాయి అయినా డ్రైవరుకు ముట్టేలా యాజమాన్యాలు, పంచాయతీలు ఆలోచించాలి.